శ్రుతిపెట్టె మీద నా చెయ్యి

నేను ఫిడేలు వాయిస్తాను. సొంతంగా కచేరీలు చేసే పెద్ద విద్వాంసురాలినేం కాదు, నాది పక్కవాద్యం. ఎవరో పాడతారు, నేను పక్కన కూర్చుని వాళ్ల వెనకాలే వెళ్తాను. ఇన్నేళ్లుగా ఇదే నా తిండి, ఇదే నా బట్ట. విశాఖపట్నంలో ఉంటాను. రేడియోకి వాయించాను, సభలకి వాయించాను, వినాయక చవితి పందిళ్లలో మైకులు కూస్తుంటే పళ్లు బిగబట్టుకుని కూడా వాయించాను. సన్మానం జరిగితే పాడినవాళ్లకి పట్టుశాలువా, నాకు నూలుశాలువా. ఒకప్పుడు ఒళ్లు మండిపోయేది. ఇప్పుడు ఆ శాలువాలే ఫిడేలు చుట్టడానికి పనికొస్తున్నాయి లెండి.

ఈ వృత్తిలో నాకు బాగా అబ్బిన విద్య ఒకటుంది. దానివల్లే నాకు పేరొచ్చింది. ఇవాళ మా అప్ప మెడలో గొట్టం ఉన్నది కూడా దానివల్లే. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం.

మాది టెక్కలి. బాప్టిస్టు సంఘం వాళ్లం. మా చర్చి పాటల పుస్తకంలో కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. ఆనందభైరవి అనీ, కాపీ అనీ, ఆది తాళమనీ. అవేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మ అవి పాట రాసినవాళ్ల ఇంటిపేర్లనుకునేది. అప్పకీ తెలియదు. కానీ అది నోరు విప్పితే ఆ రాగం ఎక్కడికీ పోకుండా అక్కడే ఉండేది. చర్చిలో పెద్దవాళ్లు కూడా అప్ప ఎత్తుకునేదాకా ఆగేవారు.

మా వీధి చివర ఫిడేలు మేస్టారొకరు ఉండేవారు. బ్రాహ్మలు. ఒక ఆదివారం చర్చి గోడ పక్కనుంచి పోతూ అప్ప గొంతు విని, సాయంత్రం తిన్నగా మా ఇంటికొచ్చేశారు. ఈ పిల్లకి సంగీతం చెబుతాను, పంపించండి అన్నారు. అమ్మకి అప్పట్లో ఆయాసం, పొయ్యి దగ్గర నిలబడలేకపోయేది. వంటా, నీళ్లూ, గేదే అన్నీ అప్ప నెత్తినే. అది చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నాకేల కుదుర్తాది మేస్టారూ, మా సెల్లికి సెప్పండి, దానికీ ఇష్టమే" అని నన్ను వీపు మీద చెయ్యి పెట్టి ముందుకి తోసింది. నాకు ఇష్టమో కాదో నాకే తెలియదు. ఆయన నా గొంతు విన్నారు, మొహం అదోలా పెట్టారు, నా వేళ్లు చూశారు, ఫిడేలు అన్నారు. అప్పకి రావలసిన చదువు అలా నాకు వచ్చింది. అది పాడుతుంటే పక్కన వాయించడమే నా మొదటి సాధన. మేస్టారు నేర్పిన దానికన్నా అప్ప వెనకాల పరిగెత్తి నేర్చుకున్నదే ఎక్కువ.

మేస్టారు ఒకటే మాట పదేపదే చెప్పేవారు. "పాడేవాళ్లు తప్పితే నువ్వూ తప్పు. అప్పుడది తప్పులా ఉండదు." చిన్నప్పుడు నవ్వొచ్చేది. విజయనగరంలో సంగీతం చదువైపోయి కచేరీలకి తిరగడం మొదలెట్టాక గానీ దాని విలువ తెలిసిరాలేదు.

విశాఖలో ఒక పెద్దాయన కచేరీ. పేరు మోసిన గొంతే, కానీ వయసు మీద పడింది. సగం కచేరీకి శ్రుతి దిగడం మొదలైంది. దిగుతున్న సంగతి ఆయనకి తెలియదు. నేను వెంటనే నా వేళ్లు కూడా వెంట్రుకవాసి కిందికి జరిపేశాను. వేలు పెట్టకుండా వాయించే తీగ జోలికి పోలేదు, అది అసలు శ్రుతిని పట్టించేస్తుంది కాబట్టి. ఆయన ఎంత దిగితే నేనూ అంత దిగాను. జనం తలలూపారు. మృదంగం ఆయన మాత్రం నావైపు ఓరగా చూసి మీసం కింద నవ్వుకున్నారు. కచేరీ అయ్యాక పెద్దాయన నా తలమీద చెయ్యి పెట్టి, "నీ పక్కన కూర్చుంటే భయం లేదమ్మా" అన్నారు. నేను చేతులు జోడించి, "భలే పాడారండీ" అన్నాను. ఆ తర్వాత అలసిపోయిన గొంతులన్నీ నన్నే అడగడం మొదలెట్టాయి. తోటి వాయిద్యగాళ్లు నన్ను ముసలి గొంతుల మంత్రసాని అని ఏడిపించేవారు. ఏడిపించనీ, నాకు చేతినిండా కచేరీలు.

అప్పని ఉద్దానంలో ఇచ్చారు. సోంపేట దగ్గర పల్లె. ఇంటి వెనక కాసిన్ని జీడిచెట్లు, కొబ్బరి. అప్ప పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికీ వెళ్లేది, ఇంటికొచ్చి చేలో పనీ చూసేది. బావ నెమ్మదస్తుడు, మాట్లాడితే అరిగిపోతానన్నట్టు ఉంటాడు. అక్కడి చర్చిలో కూడా పాట ఎత్తుకునేది అప్పే. ఏటా కోతలయ్యాక మా సంఘాల్లో కోత పండుగ చేస్తారు. పండిన పంటలో కొంత తెచ్చి చర్చిలో కుప్పపోసి, ప్రార్థనయ్యాక వేలం వేస్తారు. నేను ఏ ఊళ్లో ఉన్నా ఆ పండుగకి మాత్రం ఫిడేలు భుజానేసుకుని దిగిపోతాను. నేను పందిళ్లలో వాయిస్తానని సంఘంలో ఒకరిద్దరు గొణిగితే, అప్ప నడుం మీద చెయ్యి పెట్టుకుని, "దాని కూడు అది తింటంది, మీకేటి నొప్పి?" అని ఒక్క అరుపు అరిచింది. మళ్లీ ఎవరూ గొణగలేదు.

ఉద్దానం సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడ కిడ్నీల జబ్బు ఇంటింటికీ ఉంది. వేరే ఊళ్లో అన్నం తిన్నావా అని పలకరించుకున్నట్టు, అక్కడ బస్సు దగ్గర కలిసినా, నూతి దగ్గర కలిసినా, క్రియాటినిన్ ఎంతొచ్చిందీ అని పలకరించుకుంటారు. బడిలో పెట్టిన వైద్య శిబిరంలో అప్ప రక్తం చూసి డాక్టరమ్మ కూర్చోబెట్టి మాట్లాడింది. త్వరలో డయాలసిస్ తప్పదు, ముందుగా చేతిలో నరాలు కలిపి సూదికి దారి చెయ్యాలి, ఆ దారి పండి సూది తట్టుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, అందుకే ఇప్పుడే రమ్మంది. అప్ప సరేనంది. సరేనని ఇంటికొచ్చి ఊరుకుంది.

బావ నాకు ఫోన్ చేశాడు. ఆయన తనంతట తను ఫోన్ చేశాడంటేనే సంగతి చిన్నది కాదని తెలిసిపోయింది. వెళ్లేసరికి అప్ప పెరట్లో కొబ్బరి డొక్కలు ఎండేస్తోంది. నేను చెప్పులు విప్పకుండానే పోట్లాటకి దిగాను. దానితో మాట్లాడితే నాకూ మా యాస వచ్చేస్తుంది.

"ఆసుపత్రికి ఎందుకెల్లనేదు? నీకేటి పిచ్చెక్కిందేటి?"

"వచ్చిందండి బాబూ పట్నం నుంచి. కూకో, మంచినీల్లు తాగు ముందు."

"నీ మంచినీల్లు నాకొద్దు. ఎందుకెల్లనేదో సెప్పు."

అప్ప డొక్కలు తిప్పడం ఆపలేదు. "నాతోటి పాడిన ఇద్దరూ మిషనెక్కినారు. మల్లీ పాట కాడికి వచ్చినారేటే? నువ్వు సూసినావా?"

నేను చూడలేదు. ఒకామె పోయింది. ఇంకొకామె వారంలో సగం రోజులు పలాస బస్సులోనే ఉంటోంది, మిగతా సగం మంచం మీద. అయినా నా నోరు ఆగుతుందా? మిషన్ ఎక్కకపోతే పాట సంగతి తర్వాత, మనిషే ఉండదని అరిచాను.

అప్పుడంది. "నా ఒంట్లో నిజంగా సెడితే ముందు నా సుతికి తెలుత్తాది. పెల్లయినా, పురుల్లయినా, అమ్మ పోయినా నా సుతి తప్పనేదు. తప్పిన్నాడు ఎల్తాను. నువ్వే సెప్పు. నీకన్నా తెలిసినోల్లు ఎవులున్నారు?"

"నాను సెప్తే ఎల్తావా?"

"ఒట్లు పెట్టుకోకూడదు గానీ, నా మాట మాటే. నువ్వు తప్పిందని సెప్పిన మర్నాడే బస్సెక్కుతాను."

బావ గుమ్మంలో నిలబడి విన్నాడు. "సెప్పమ్మా మరదలా. నా మాటయితే ఇనదు, నీ మాటింటాది" అన్నాడు. నేను కోపంగానే సరేనన్నాను. లోపల మాత్రం కాస్త గర్వపడ్డాను కూడా. డాక్టరమ్మ మాటకన్నా నా చెవి మాట ఎక్కువైందని. సిగ్గులేని గర్వం.

ఆ ఏడు కోత పండుగకి చర్చిలో గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, వడ్ల మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటి మధ్య నా ఫిడేలు, దాని పక్కన నా శ్రుతిపెట్టె. కరెంటుతో పనిచేసే చిన్న పెట్టె అది, ఆగకుండా ఒకే స్వరం పలుకుతూ ఉంటుంది. అప్ప గొంతు ఎత్తు ఐదున్నర శ్రుతి, పెట్టెని దానికే పెట్టాను. దాని పెళ్లికి ముందు ఎంతో ఇప్పుడూ అంతే. ఆ రోజు అప్ప పసుపుపచ్చ చీర కట్టుకుంది. చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల గుర్తులు లోతుగా దిగి కనిపించాయి. పాదాలు వాచాయని నాకు తెలిసింది. తెలిసి కూడా, ముందు పాట కానీ అనుకున్నాను.

పల్లవి బాగానే ఉంది. మొదటి చరణం కూడా. రెండో చరణంలో గొంతు కిందికి జారింది. మొదట వెంట్రుకవాసి, తర్వాత ఇంకొంచెం. వెనక పాడే ఆడవాళ్లు అప్పని పట్టుకునే పాడతారు కాబట్టి వాళ్లూ జారిపోయారు. నా వేళ్లు నన్ను అడగకుండానే జారాయి. అంతవరకూ నా తప్పేం లేదంటాను. వేళ్లకి అలవాటైపోయింది, వాటి బతుకే అది.

కానీ పెట్టె జారదు కదా. అది ఐదున్నరలోనే మోగుతోంది. అప్ప పాట ఒకవైపు, పెట్టె ఒకవైపు, మధ్యలో గీరుకుంటున్నట్టు ఉంది. ముందు వరసలో ఒకావిడ తల తిప్పి పెట్టెవైపు చూసింది, తర్వాత అప్ప మొహంలోకి చూసింది. ఎవరు గొణిగితే అప్ప నా కోసం అరిచిందో ఆవిడే. నాకు నెత్తురు సలసలా కాగింది. చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకునే చోట కమాను కిందికి దించి, చెయ్యి చాచి, పెట్టె చక్రం తిప్పేశాను. పెట్టె నోరు మూసుకుంది. ఇంకేముంది, పాట గొప్పగా సాగిపోయింది. ఆమెన్ అన్నారు, కళ్లు తుడుచుకున్నారు. పాస్టరుగారు నన్ను కూడా మెచ్చుకున్నారు.

బయట వేలం మొదలైంది. ఒకాయన గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని కేకలేస్తున్నాడు. అప్ప జీడిచెట్టు కింద నా పక్కకొచ్చి నిలబడింది. ఆయాసం దాచుకుంటోంది.

"సుతి నిలిసిందేటే?"

"నిలిసిందప్పా. భలే పాడినావు."

ఎంత ఠపీమని వచ్చిందో ఆ మాట! ఆలోచించుకోవలసిన పని కూడా లేకపోయింది. ఎన్ని కచేరీల తర్వాత ఎంతమందితో అన్నానో ఆ మాటే, అదే నవ్వుతో. అప్ప కాసేపు నా మొహంలోకే చూసింది. తర్వాత, "సరే అయితే" అని గుమ్మడికాయ పాడుకోవడానికి వెళ్లిపోయింది.

ఎందుకు అలా అన్నానని నన్ను నేనే ఎన్నిసార్లు నిలదీసుకున్నానో చెప్పలేను. పదిమందిలో అప్పకి తలవంపు కాకూడదనుకున్నాను, అది నిజం. అయితే చెట్టు కింద పదిమంది లేరు కదా! అక్కడ మేమిద్దరమే. అక్కడ చెప్పడానికి ఏం రోగం? భయం, ఇంకేం కాదు. తప్పిందని నా నోటితో అంటే అప్ప గొంతు నిజంగా పోయినట్టే అనిపించింది. నా ఫిడేలు పుట్టిందే ఆ గొంతు వెనక. నిజం దాచింది నా కోసం, దాని కోసం కాదు. పిరికిదాన్ని.

తర్వాత కూడా చెప్పడానికి వీలు లేకపోలేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక అప్ప ఫోన్‌లో నాలుగు ముక్కలు పాడి వినిపించేది. ప్రతిసారీ గొంతు తగ్గే ఉండేది. ఫోన్‌లో శ్రుతేం తెలుస్తుంది లెమ్మని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. గదిలో మోగిన గిన్నె చప్పుడుకి కూడా శ్రుతి చెప్పగలిగే దాన్ని నేను! క్రిస్మస్‌కి వెళ్లినప్పుడు ఎదురుగా చెబుదామనుకున్నాను. డిసెంబరు వచ్చింది, కచేరీలు వరసగా తగులుకున్నాయి, వెళ్లలేదు. వెళ్లలేదనేం, వెళ్లకుండా ఉండడానికి కచేరీలు ఒప్పుకున్నాను. ఆ నెలంతా ఎవరెవరి గొంతులో కాపాడుతూ కూర్చున్నాను.

జీడి పూత దిగిన రోజుల్లో బావ మళ్లీ ఫోన్ చేశాడు. అప్ప ఊపిరాడక కూర్చోలేకపోతోందనీ, మొహం ఉబ్బిపోయిందనీ, పలాస తీసుకెళ్తున్నామనీ చెప్పాడు. నేను దొరికిన రైలెక్కాను. జనరల్ పెట్టెలో తలుపు పక్కన నిలబడే వచ్చాను.

నేను వెళ్లేటప్పటికే అప్పకి మెడ దగ్గర గొట్టం పెట్టేశారు. కుడి చెవి కింద కట్టు, అందులోంచి రెండు కొసలు బయటికి. ఎందుకు మెడలో పెట్టారని డాక్టరుగారి మీద గొంతు పెంచాను. పాడే మనిషి అండీ, మెడలో పెడతారా అన్నాను. ఆయన కోప్పడలేదు. చేతికి దారి చేసి ఉంటే మెడ జోలికి వచ్చే పనే లేదు, అప్పటికప్పుడు రక్తం శుభ్రం చెయ్యాలంటే ఇదొక్కటే మార్గం అన్నాడు. ఇప్పుడు చేతికి దారి చేస్తాం, అది పండేదాకా ఈ గొట్టంతోనే గడపాలి, చీము పట్టకుండా చూసుకోవాలి అన్నాడు. చివర్లో తల ఊపుతూ, "కోతల రోజుల్లో వచ్చినా సరిపోయేదమ్మా" అన్నాడు.

ఆయనకి మామూలు మాటే. ఆ వైపు అందరూ అలాగే చెబుతారు, జీడి రోజుల్లో, కోతల రోజుల్లో అని. నేను వరండాలోకొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. బావ టీ తెచ్చిచ్చాడు. "నువ్వేటి సేత్తావు మరదలా. సుతి బాగుందన్నావు, అదీ బాగుందనుకుంది" అన్నాడు. నన్ను ఓదారుద్దామనే అన్నాడు ఆ మంచివాడు.

ఇప్పుడు వీలైనప్పుడల్లా అప్పతో డయాలసిస్‌కి నేనే వెళ్తున్నాను. పొద్దున్నే అప్పా నేనూ ఊరినుంచి ఆటోలో బయల్దేరతాం. గదిలో వరసగా మంచాలు, మంచానికో మిషను. పక్క మంచం ఆయన సంతబొమ్మాళి నుంచి వస్తాడు, ఎక్కగానే దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. అప్ప మెడ తిప్పకూడదు. గట్టిగా ఊపిరి పట్టినా, దగ్గినా కట్టు లాగుతుంది. అందుకని పాడడం మానేసింది. చర్చిలో ఇంకెవరో ఎత్తుకుంటున్నారు. వాళ్లు బాగానే పాడుతున్నారని అప్పే చెప్పింది.

మొన్న వెళ్లినప్పుడు సగం పూటయ్యాక అప్ప కళ్లు తెరిచి మిషన్ వైపు చూసింది. అది ఆగకుండా సన్నగా రొద పెడుతోంది.

"ఇది ఏ సుతే?"

విని చెప్పాను. ఐదున్నరకి దగ్గరగానే ఉంది.

"మంచిదే. దీనికి తిప్పడానికి సెక్రం కూడా నేదు" అంది.

నేను తల ఎత్తలేదు. అప్ప పెదాలు తడుపుకుని, కట్టు లాగకుండా మెల్లగా, మిషన్ రొద మీద ఒక కీర్తన పల్లవి అందుకుంది. ఎన్నాళ్లయింది ఆ గొంతు విని! సన్నగా, అరిగిపోయి, కిందికి దిగిపోయి ఉంది. నా ఎడమచేతి వేళ్లు ఒళ్లో వాటంతట అవే కదిలాయి. వాటిని కుడిచేత్తో పట్టుకున్నాను.

పల్లవి అయ్యాక అడిగింది. "సుతి ఉందేటే?"

"నేదప్పా. తగ్గిపోనాది."

అప్ప నవ్వింది. కట్టు లాగినట్టుంది, నవ్వు మధ్యలో ఆపేసింది. "ఇప్పుడు సెప్పడం వచ్చింది నీకు" అంది.

"ఆ రోజే తెలుసా నీకు?"

"పెట్టె పీక నువ్వు నొక్కీసినప్పుడే తెలిసిపోనాది. నా సుతి నాకు తెల్దేటి?"

"తెలిసీ ఎందుకు ఎల్లనేదప్పా మరి? తెలిసీ నన్నెందుకు అడిగినావు?"

నర్సు వచ్చి గొట్టం చూసి, మిషన్ మీద ఏదో నొక్కి వెళ్లింది. ఆమె వెళ్లేదాకా అప్ప ఆగింది. నా చెయ్యి తీసుకుని మంచం పట్టీ మీద తన చేతి కింద పెట్టుకుంది.

"బయమేసింది. నాకు నానుగా కాలు కదల్లేదు. నువ్వు తప్పిందని ఒక్క మాట సెప్తే ఎల్దుననే కదేటే, సెట్టు కిందకొచ్చి నిన్నడిగినాను."